కోర్దోబాలో పూర్తిరోజు చరిత్ర నడక: శతాబ్దాల వరుసలో నగరాన్ని చూపించే సేవపై సమీక్ష

స్పెయిన్ దక్షిణాన అందలూసియాలో, గ్వాదల్కివీర్ నది ఒడ్డున ఉన్న కోర్దోబాకు వచ్చే యాత్రికులలో చాలామంది అక్కడి ప్రసిద్ధమైన మసీదు–కథీడ్రల్‌ను చూసి, పక్కనే ఉన్న యూదుల పేట సందుల్లో ఒక గంట తిరిగి, సాయంత్రం రైలుకు సెవిల్‌కో గ్రనడాకో వెళ్లిపోతారు. గత ఏప్రిల్‌లో మా నాన్నగారితో కలిసి ఆ నగరానికి వెళ్లినప్పుడు నేను అక్కడి ఒక చిన్న స్థానిక సంస్థ నడిపే పూర్తిరోజు నడకను ఎంచుకున్నాను. ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. సాధారణంగా ఇటువంటి నడకలలో ఏ కట్టడం దేనికి దగ్గరగా ఉంటే ఆ వరుసలో చూపిస్తారు. ఈ సంస్థ మాత్రం ఏ కాలం తరువాత ఏ కాలం వచ్చిందో ఆ వరుసలో నడిపిస్తుంది. అందువల్ల దారి పెరుగుతుంది, ఒకే చోటికి రెండు మూడు సార్లు రావలసి వస్తుంది, మోకాళ్లకు శ్రమ ఎక్కువవుతుంది. ఆ శ్రమకు తగిన ఫలితం దక్కిందా, ఆ వరుస ఎక్కడ నిలిచింది, ఎక్కడ తప్పింది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఉదయం 9 గంటలకు మొదలై సాయంత్రం 6 దాటేవరకు సాగిన ఈ నడకకు మా ఇద్దరికీ కలిపి 120 యూరోలు తీసుకున్నారు. మసీదు–కథీడ్రల్, అల్కాసర్ కోట ప్రవేశ టికెట్లు అందులోనే ఉన్నాయి. భోజనం ఖర్చు మనదే. బృందంలో తొమ్మిది మందిమి ఉన్నాము. మాకు దారి చూపినావిడ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగి, చరిత్ర చదువుకున్నవారు. ఇంగ్లీషు నిదానంగా, స్పష్టంగా మాట్లాడారు. రోజు మొత్తం మీద దాదాపు 9 కిలోమీటర్లు నడిచాము. నాన్నగారికి 71 ఏళ్లు. ఆయన కోసం ఆవిడ ప్రతి మజిలీలోనూ కూర్చోవడానికి వీలైన చోటును ముందే చూసి పెట్టుకోవడం నేను గమనించాను.

నడక రైల్వే స్టేషన్ దగ్గర మొదలవుతుంది. మొదట ఇది అందరూ రైలు దిగి వచ్చే చోటు కనుక పెట్టుకున్న ఏర్పాటు అనుకున్నాను. కానీ స్టేషన్ పక్కనే ఉన్న సెర్కదీయా తవ్వకాల స్థలం ముందు నిలబెట్టి ఆవిడ చెప్పిన విషయం విన్నాక, ఇంతకంటే సరైన ఆరంభం ఉండదనిపించింది. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కు 1992లో ప్రారంభమైన హైస్పీడ్ రైలు మార్గం కోసం 1991లో ఇక్కడ భూమిని తవ్వుతుండగా క్రీ.శ. 4వ శతాబ్దం తొలినాళ్ల నాటి ఒక విశాలమైన రోమన్ ప్రాసాదం బయటపడింది. రైలు ఆగలేదు. ప్రాసాదంలో ఎక్కువ భాగం స్టేషన్ నిర్మాణంలో పోయింది. మిగిలిన కొంత భాగం అర్ధచంద్రాకారపు గోడల పునాదులతో పట్టాల పక్కన కనిపిస్తుంది. మేము మాడ్రిడ్ నుంచి రెండు గంటల లోపే హాయిగా వచ్చి దిగినది ఆ ప్రాసాదం మీదనే అని తెలిసినప్పుడు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. కాలక్రమాన్ని కొంచెం తప్పించి 4వ శతాబ్దంతో మొదలుపెట్టినా, ఈ నగరంలో ప్రతి తరమూ ముందు తరం మీదనే కట్టుకుందన్న సంగతి అక్కడే కళ్లకు కట్టింది.

అక్కడి నుంచి క్రీ.పూ. 2వ శతాబ్దానికి వెళ్లాము. రోమన్ సేనాని క్లాడియస్ మార్సెల్లస్ స్థాపించిన ఈ పట్టణం, సీజర్‌కూ పాంపే కుమారులకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచి క్రీ.పూ. 45లో ఘోరంగా నాశనమైంది. అగస్టస్ కాలంలో తిరిగి లేచి, బేతికా రాష్ట్రానికి రాజధాని అయింది. ఆ స్థాపకుని పేరే పెట్టుకున్న వీధిలో, నగర సభా భవనం పక్కన, ఒక రోమన్ ఆలయపు ఎత్తైన స్తంభాలు కనిపిస్తాయి. 1950లలో సభా భవనాన్ని పెంచుతుండగా దాని అవశేషాలు దొరికాయి. ఇప్పుడు నిలబడి ఉన్న స్తంభాలలో అధిక భాగం తరువాత పునర్నిర్మించినవేనని ఆవిడ దాచకుండా చెప్పి, పాత రాయికీ కొత్త రాయికీ తేడా ఎలా గుర్తుపట్టాలో చూపించారు. ఈ నిజాయితీ రోజంతా కొనసాగింది. ఫొటోలు తీసుకుంటున్న వారికి ఆ స్తంభాలు అసలైనవేనని నమ్మించడం ఎంతో సులువు; ఆవిడ ఆ దారి పట్టలేదు.

తరువాత మొదటిసారి వంతెన దగ్గరికి చేరాము. పదహారు కమానుల ఈ వంతెనను అందరూ రోమన్ వంతెన అనే పిలుస్తారు గానీ, దానిలో రోమన్ల కాలం నాటివిగా చెప్పే కమానులు రెండే. మిగిలినవన్నీ తరువాతి రాజులు, అమీర్లు, మరమ్మతుదారులు మళ్లీ మళ్లీ కట్టినవి. వంతెన ఉత్తరపు చివర నిలబడి ఆవిడ ఆలివ్ నూనె గురించి చెప్పారు. ఈ నదీ తీరంలో పండిన ఆలివ్‌ల నూనె మట్టి జాడీలలో పడవలెక్కి, సముద్రం దాటి రోమ్‌కు చేరేది. ఖాళీ అయిన జాడీలను పగలగొట్టి పోసిన కుప్పే అక్కడ ఈనాటికీ ఉన్న మోంతే తెస్తాచ్చో గుట్ట. అందులోని పెంకులలో అత్యధికం బేతికా నుంచి వెళ్లినవే. రోమన్ తత్త్వవేత్త సెనెకా ఇక్కడ పుట్టాడని, అతని అన్నదమ్ముల బిడ్డ అయిన కవి లూకన్ క్రీ.శ. 39లో ఇక్కడే పుట్టాడని, ఇద్దరూ క్రీ.శ. 65లో నీరో ఆజ్ఞ మేరకు ప్రాణాలు తీసుకున్నారని చెప్పారు. ఇద్దరూ పసితనంలోనే రోమ్ వెళ్లిపోయిన సంగతి కూడా చేర్చారు. తమ ఊరి గొప్పను అవసరమైన చోట తగ్గించి చెప్పగలిగిన వారిని నేను ఎక్కువగా నమ్ముతాను.

రోమన్ల తరువాత ఏలిన విసిగోతుల కాలాన్ని త్వరగా దాటారు. ఆ కాలపు కట్టడాలు కంటికి ఆనేంతగా మిగలలేదు కనుక అందులో తప్పు లేదు.

711లో ముస్లిం సేనలు నగరాన్ని పట్టుకున్న తరువాత కథ మసీదు పశ్చిమపు గోడ దగ్గర మొదలైంది. 750లో డమాస్కస్ నుంచి ఏలుతున్న ఉమయ్యద్ ఖలీఫాల వంశాన్ని వారి ప్రత్యర్థి వంశమైన అబ్బాసీలు ఊచకోత కోసినప్పుడు తప్పించుకున్న యువరాజు అబ్ద్ అల్ రహ్మాన్, ఉత్తర ఆఫ్రికా పొడవునా ఏళ్ల తరబడి తలదాచుకుంటూ వచ్చి, 756లో కోర్దోబాలో అమీర్‌గా గద్దెనెక్కాడు. 785 ప్రాంతంలో మసీదు నిర్మాణం ప్రారంభించాడు. గోడలోని శాన్ ఎస్తెబాన్ ద్వారం ముందు, ఎండలో అరిగిపోయిన రాతి అల్లికల కింద ఇదంతా విన్నాము. లోపలికి మాత్రం అప్పుడే తీసుకువెళ్లలేదు. ఇంకా 9వ శతాబ్దం మిగిలి ఉందంటూ మళ్లీ వంతెన మీదికి, ఈసారి దక్షిణపు చివర వరకు నడిపించారు.

బృందంలో ఒకరిద్దరు ఇక్కడ విసుగుపడ్డారు. నాకు మాత్రం ఈ రెండో రాక ఆ రోజులోని ఉత్తమమైన భాగాలలో ఒకటి. వంతెనకు ఆవలి ఒడ్డున ఇప్పుడు పచ్చని ఉద్యానవనం ఉన్న చోట 9వ శతాబ్దం ఆరంభంలో చేతిపనివారు, వర్తకులు, మతపండితులు నివసించే ఒక పెద్ద శివారు పేట ఉండేది. పన్నుల భారం భరించలేక 818లో ఆ పేట ప్రజలు అమీర్ మొదటి అల్ హకమ్ కోట మీదికి దండెత్తారు. తిరుగుబాటును అణచివేసిన అమీర్ వందల మందిని చంపించి, మిగిలిన వారిని దేశం నుంచి వెళ్లగొట్టి, పేటను నేలమట్టం చేయించి, అక్కడ మళ్లీ ఇల్లు కట్టరాదని శాసించాడు. వెళ్లగొట్టబడిన వారిలో కొందరు మొరాకోలోని ఫెజ్ నగరంలో స్థిరపడ్డారు. వారి పేట ఈనాటికీ అందలూసియా వారి పేరుతోనే ఉంది. మరికొందరు అలెగ్జాండ్రియాకు చేరి, అక్కడి నుంచి క్రీట్ ద్వీపాన్ని పట్టుకుని, 961లో బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, తిరిగి గెలుచుకునే వరకు దానిని ఏలారు. ఖలీఫాల వైభవాన్ని మాత్రమే చెప్పి ఊరుకునే వర్ణనలను నేను చాలా చదివాను. ఆ వైభవానికి ముందు ఇంతటి నెత్తురు ఉందని, అది కూడా ముస్లిం పాలకుడు ముస్లిం ప్రజల మీద చిందించినదని, ఖాళీ పచ్చికను చూపిస్తూ చెప్పడం నన్ను కదిలించింది.

అదే చోట నిలబడి ఆవిడ ఇంకొక సంగతి చెప్పారు. 9వ శతాబ్దం మధ్యలో కోర్దోబా క్రైస్తవుడు అల్వరస్, తమ మతానికి చెందిన యువకులు అరబీ కవిత్వంలో మునిగి లాటిన్‌ను మరచిపోతున్నారని, వేయిమందిలో ఒక్కడు కూడా స్నేహితుడికి లాటిన్‌లో సరైన ఉత్తరం రాయలేకపోతున్నాడని బాధపడుతూ రాశాడట. సొంత భాషలో పిల్లలు ఉత్తరం రాయలేకపోవడం గురించిన ఆ బాధ మాకు పరాయిదిగా అనిపించలేదు.

భోజన విరామం ఒక గంట. ఆవిడ సూచించిన చిన్న హోటల్‌లో సల్మొరేహో తిన్నాము: టమాటా, రొట్టె, ఆలివ్ నూనె, వెల్లుల్లి కలిపి మెత్తగా రుబ్బి, చల్లగా వడ్డించే చిక్కని వంటకం అది. పైన గుడ్డు ముక్కలు, పంది మాంసపు తురుము చల్లుతారు కనుక శాకాహారులు ముందే చెప్పి వద్దనాలి. సన్నగా తరిగి వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి ఇచ్చేది నాన్నగారికి బాగా నచ్చింది. వంకాయ, చెరకు అరబ్బుల ద్వారా తూర్పు నుంచి వచ్చాయి. టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఒకే బల్ల మీద రెండు చరిత్రలు ఉన్నాయని మేము తింటూ చెప్పుకున్నాము.

మధ్యాహ్నం నారింజ చెట్ల ప్రాంగణం గుండా మసీదులోకి వెళ్లాము. ఏప్రిల్ కనుక చెట్లు పూత మీద ఉన్నాయి. ప్రాంగణమంతా ఆ తెల్లని పూల వాసన నిండి ఉంది. మన నారింజ, సంస్కృతంలోని నారంగం, పారసీకంలోని నారంగ్, అరబీలోని నారంజ్, స్పానిష్‌లోని నరంఖా అన్నీ ఒకే మాట తిరిగిన దారిలోని మజిలీలు. మొట్టమొదటి మూలం ద్రావిడ భాషలదే కావచ్చని భాషావేత్తలు అంటారు. ప్రాంగణం పేరును ఆవిడ స్పానిష్‌లో పలకగానే నాన్నగారు చిన్నగా నవ్వి, మన మాట మనకంటే ముందే ఇక్కడికి వచ్చి కూర్చుంది అమ్మా, అన్నారు.

లోపల ఆవిడ మమ్మల్ని నడిపించిన తీరును ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. తలుపు దాటగానే ఎక్కువ బృందాలు మధ్యలో వెలుగు కనిపించే కథీడ్రల్ వైపు వెళ్లిపోతాయి. మేము పశ్చిమపు గోడ వెంబడే, అటువైపు చూడకుండా, 8వ శతాబ్దపు భాగంలో నెమ్మదిగా నడిచాము. ఇక్కడి స్తంభాలు రోమన్, విసిగోత్ కట్టడాల నుంచి ఏరి తెచ్చినవి. రంగు, మందం, తలకట్టు ఒకదానికొకటి కలవవు. పైగా అంత పెద్ద చావడికి కావలసిన ఎత్తు వాటికి లేదు. ఆ పొట్టి స్తంభాల మీదనే కప్పును పైకి లేపడానికి శిల్పులు రెండంతస్తుల కమానులు కట్టారు: కింద గుర్రపు లాడం ఆకారపు కమాను గాలిలో తేలుతున్నట్లు స్తంభాలను కలిపి పట్టుకుంటుంది, దాని పైన ఇంకొక కమాను కప్పు బరువును మోస్తుంది. ఎర్రని ఇటుక, తెల్లని రాయి ఒకదాని తరువాత ఒకటిగా పేర్చడం వల్ల వచ్చిన ఆ చారలు ప్రపంచమంతటికీ తెలుసు. అయితే ఆ అందానికి పుట్టుక స్తంభాల పొట్టితనంలో ఉందని నాకు అంతవరకు తెలియదు.

రెండవ అబ్ద్ అల్ రహ్మాన్ 9వ శతాబ్దంలో మసీదును దక్షిణానికి పొడిగించాడు. 929లో మూడవ అబ్ద్ అల్ రహ్మాన్ తనను తాను ఖలీఫాగా ప్రకటించుకున్నాడు; ఆయన కొడుకు రెండవ అల్ హకమ్ 962 నుంచి ఇంకా దక్షిణానికి జరిపించి, ఇప్పుడు మనం చూసే మిహ్రాబ్‌ను, అంటే ప్రార్థన దిశను చూపే గోడ గూటిని, కట్టించాడు. ఈ భాగంలో ఏరి తెచ్చిన స్తంభాలు లేవు. ముదురు నీలి రంగు రాయి ఒకటి, గులాబీ రంగు రాయి ఒకటి చొప్పున వరుసలో నిలబడి ఉంటాయి. మిహ్రాబ్ చుట్టూ బంగారు మొజాయిక్ కోసం ఖలీఫా కోరిక మీద బైజాంటియం చక్రవర్తి గాజు పలుకులను, వాటిని పొదగడం తెలిసిన పనివాడిని పంపించాడు. అబ్బాసీలకు ఉమ్మడి శత్రువులైన ఒక క్రైస్తవ చక్రవర్తీ ఒక ముస్లిం ఖలీఫా ఈ గోడ మీద చేతులు కలిపారు. అల్ హకమ్ గ్రంథాలయంలో 4 లక్షల సంపుటాలు ఉండేవని పాత చరిత్రకారులు రాశారు. అది లెక్కపెట్టిన సంఖ్యగా కాక, గొప్పతనాన్ని చెప్పే సంఖ్యగా తీసుకొమ్మని ఆవిడ హెచ్చరించారు. శస్త్రచికిత్సకు వాడే పరికరాలను బొమ్మలతో సహా వివరించి, 30 భాగాల వైద్య గ్రంథం రాసిన అల్ జహ్రావీ ఈ కాలపువాడే.

చివరి పొడిగింపు 987 ప్రాంతంలో సర్వాధికారి అల్ మన్సూర్ చేయించినది. దక్షిణాన నది అడ్డు కనుక అతడు తూర్పుకు వెడల్పు చేశాడు. అందుకే మిహ్రాబ్ మధ్యలో ఉండక ఒక పక్కకు పడిపోయింది. ఆ భాగంలోని కమానులను తల ఎత్తి జాగ్రత్తగా చూడమన్నారు. ఎరుపు చారలలో ఎక్కువ భాగం ఇటుకలు కావు, రాయి మీద పూసిన రంగు. అధికారం పెరిగి, తీరిక తగ్గిన కాలం అది. 997లో ఇదే అల్ మన్సూర్ సాంతియాగో దె కొంపొస్తెలా క్రైస్తవ పుణ్యక్షేత్రాన్ని దోచి, అక్కడి గంటలను క్రైస్తవ బందీల భుజాల మీద ఇక్కడికి మోయించి, మసీదులో దీపాలుగా వేలాడదీయించాడు. 1236 జూన్ 29న కస్తీల్ రాజు మూడవ ఫెర్దినాండ్ నగరాన్ని గెలిచినప్పుడు, ఆ గంటలను ముస్లిం బందీల భుజాల మీద తిరిగి పంపించాడని క్రైస్తవ చరిత్రకారులు రాశారు. ఈ రెండు మోతలనూ ఆవిడ ఒకే స్వరంతో, ఎవరి వైపూ మొగ్గకుండా చెప్పారు.

మిహ్రాబ్ తరువాతనే కథీడ్రల్ వైపు తిరిగాము. 1236 నుంచి దాదాపు మూడు శతాబ్దాల పాటు క్రైస్తవులు ఈ కట్టడంలో ప్రార్థనలు జరుపుకుంటూనే దాని స్తంభాల వనాన్ని చాలావరకు అలాగే ఉంచారు. 1523లో బిషప్ అలోన్సో మన్రీకె నడుమ భాగాన్ని కూల్చి పెద్ద కథీడ్రల్ కట్టాలని నిశ్చయించినప్పుడు, నగర సభ తీవ్రంగా వ్యతిరేకించి, కూల్చే పనికి చేయి వేసిన పనివారికి మరణశిక్ష తప్పదని ప్రకటించింది. చక్రవర్తి ఐదవ చార్లెస్ బిషప్ పక్షాన నిలవడంతో పని మొదలైంది. ఎర్నాన్ రూయిస్, ఆయన కొడుకు, మనవడు వరుసగా మూడు తరాలు శ్రమించి కట్టిన ఈ భాగం 1607లో పూర్తయింది. ఇప్పటికీ 856 స్తంభాలు మిగిలి ఉన్నాయని చెబుతారు. ఎర్ర చారల నీడలో నుంచి ఒక్కసారిగా ఆ తెల్లని ఎత్తైన గోపురం కిందికి అడుగు పెట్టినప్పుడు నాకు కోపం, ఆశ్చర్యం రెండూ కలిగాయి. నడుమ కథీడ్రల్ ఉండడం వల్లనే మిగిలిన మసీదు కూల్చివేతకు గురికాకుండా నిలిచిందనే వాదనను ఆవిడ చెప్పారు. ఆ వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను. నష్టాన్ని అది తుడిచివేయదని కూడా అనుకుంటాను. 2006లో చర్చి 30 యూరోల రుసుముతో ఈ కట్టడాన్ని తన పేరున రిజిస్టర్ చేయించుకున్న వ్యవహారం, దానిపై స్పెయిన్‌లో సాగుతున్న వివాదం కూడా రెండు మాటలలో వివరించారు.

కాలక్రమం నిజంగా తప్పినది ఇక్కడే. టికెట్‌తో ఒకసారే లోపలికి వెళ్లగలం కనుక 1607 వరకు అంతా ఒకే విడతలో చూసి, బయటికి వచ్చిన తరువాత మళ్లీ 12వ శతాబ్దానికి వెనక్కి వెళ్లవలసి వచ్చింది. ఈ ఇబ్బంది తప్పనిదే. కానీ దాని ఫలితం యూదుల పేట మీద పడింది. నేను ఎక్కువ సమయం ఆశించిన భాగానికి నలభై నిమిషాలు కూడా దక్కలేదు.

ఆ కొద్ది సమయంలోనూ ఆవిడ చెప్పిన తీరు బాగుంది. 1126లో ఇక్కడ పుట్టిన ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్, తాతగారిలాగే ఈ నగరానికి న్యాయాధికారిగా పనిచేసి, అరిస్టాటిల్‌కు వ్యాఖ్యానాలు రాసి, 1195లో దగ్గరలోని లుసేనాకు బహిష్కృతుడయ్యాడు. 1198లో మరాకేష్‌లో మరణించిన ఆయన దేహాన్ని కోర్దోబాకు తెచ్చినప్పుడు, వాహన పశువుకు ఒక పక్కన శవపేటికను, బరువు సరితూగడానికి రెండో పక్కన ఆయన రచనలను కట్టారని, కళ్లారా చూసిన సూఫీ రచయిత ఇబ్న్ అరబీ రాశాడు. అదే శతాబ్దంలో ఇక్కడ పుట్టిన యూదు తత్త్వవేత్త మైమోనిదిస్, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి ఏలిన అల్మొహాద్‌ల మత నిర్బంధం వల్ల బాల్యంలోనే కుటుంబంతో సహా ఊరు విడిచి, చివరికి ఈజిప్టులో స్థిరపడ్డాడు. ఈ పేటలోని ఆయన విగ్రహం పాదాలను తాకడానికి యాత్రికులు వరుస కడతారు. సమీపంలోని సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఆయన ప్రార్థన చేసేవాడని కొందరు చెబుతుంటారని, అది 1315లో కట్టినది కనుక ఆ మాట అసంభవమని ఆవిడ తేల్చి చెప్పారు.

ఆ సినగాగ్ ఒక చిన్న చతురస్రపు గది. గోడల మీద హీబ్రూ అక్షరాలు, ముస్లిం పనితనపు గచ్చు అల్లికలు కలిసి ఉంటాయి. 1391లో యూదుల పేటల మీద దాడులు జరిగాయి. 1492లో యూదులను దేశం నుంచే వెళ్లగొట్టారు. ఆ గది పిచ్చికుక్క కాటు రోగుల ఆసుపత్రిగా, తరువాత చెప్పులు కుట్టేవారి సంఘపు ప్రార్థనా మందిరంగా మారింది. గోడలకు పూసిన గచ్చు 1884లో ఊడినప్పుడు కింద ఉన్న హీబ్రూ అక్షరాలు మళ్లీ కనిపించాయి. ఇంత కథ ఉన్న గదిలో మాకు దొరికినది పది నిమిషాలు. బయట క్యూ పొడవుగా ఉంది. సంస్థ ఈ మజిలీని ఉదయానికి మార్చుకుంటే ఈ తొందర ఉండదు.

తరువాత అల్కాసర్. 11వ అల్ఫోన్సో 1328లో కట్టించిన ఈ కోటలోనే రాణి ఇసబెల్లా, ఆమె భర్త రాజు ఫెర్దినాండ్‌లు గ్రనడా యుద్ధానికి మకాం వేశారు, 1486లో కొలంబస్‌ను కలుసుకున్నారు. మతవిచారణ న్యాయస్థానం శతాబ్దాల పాటు ఇక్కడే నడిచింది. యాత్రికులు తోటలోని నీటి కాలువల దగ్గర ఎక్కువసేపు గడుపుతారు. నాకు లోపలి చావడిలోని రోమన్ మొజాయిక్‌లు ఎక్కువ నచ్చాయి. అవి 1959లో కొర్రెదేరా చౌకు కింద దొరికినవి.

మూడోసారి వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆరు కావస్తోంది. రెండవ ఫిలిప్ కాలపు ద్వారాన్ని, ప్లేగు తగ్గిన తరువాత 1651లో వంతెన మీద నిలిపిన రాఫేల్ దేవదూత విగ్రహాన్ని, దాని పాదాల దగ్గర వెలిగే కొవ్వొత్తులను చూపిస్తూ, 17వ శతాబ్దం నుంచి నేటి వరకు అంతా పది నిమిషాలలో ముగించారు: 1808లో ఫ్రెంచి సేనల దోపిడీ, 1859లో రైలు, 1984 నుంచి యునెస్కో గుర్తింపులు, 1921లో మొదలై ఇప్పటికీ ప్రతి మే నెలలో జరిగే పూల ముంగిళ్ల పోటీ. ఇక్కడే నా ముఖ్యమైన ఫిర్యాదు. రెండు వేల ఏళ్ల చరిత్ర అని ప్రకటించుకున్న నడకలో 1936 నాటి స్పెయిన్ అంతర్యుద్ధం మాట రాలేదు. నాన్నగారు అడిగిన తరువాతనే, ఆ ఏడాది జూలై 18న, ప్రభుత్వంపై సైనిక తిరుగుబాటు మొదలైన రోజునే, కోర్దోబా తిరుగుబాటు సైన్యం చేతిలోకి వెళ్లిందని, ఆ తరువాత వేలమందిని కాల్చి చంపారని, రెండు శ్మశానాలలో వారి పేర్లు చెక్కిన గోడలు ఉన్నాయని ఆవిడ చెప్పారు. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మారింది. ఆ సంగతిని దాచాలని ఆవిడకు లేదని, కార్యక్రమంలో దానికి చోటు పెట్టనిది సంస్థ అని నాకు స్పష్టంగా అనిపించింది. 818 నాటి శివారు పేటకు ఇచ్చిన గౌరవాన్ని, ఇంకా మనవలు బతికి ఉన్న మృతులకు కూడా ఇవ్వాలి.

ఇంకొక ఫిర్యాదు డబ్బుకు సంబంధించినది. బుక్ చేసుకునేటప్పుడు, నగరానికి పడమర సుమారు 8 కిలోమీటర్ల దూరంలో 10వ శతాబ్దంలో ఖలీఫా కట్టించిన మదీనా అజహరా రాజధాని శిథిలాల మ్యూజియం కూడా ఇందులో భాగమని సంస్థ వివరాలలో రాసి ఉంది. ఆ ఉదయం వచ్చాక అది లేదని చెప్పారు. లిఖితపూర్వకంగా అడిగిన రెండు వారాలకు కొంత సొమ్ము తిరిగి ఇచ్చారు. చూడాలనుకునే వారు దానికి విడిగా ఒక పూట కేటాయించుకోవడమే మంచిది. జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, పెద్దవారితో వెళ్లేవారు ఈ నడకను మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు నెలలకే పరిమితం చేసుకోవాలి. ఐదుకు నేను నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి సంస్థ ఏర్పాట్లకు. దారి చూపిన ఆవిడకు తగ్గించవలసినది ఏమీ లేదు.

సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 8:30కు మసీదు–కథీడ్రల్ తలుపులు తెరిచి, కొంతసేపు టికెట్ లేకుండా లోపలికి వెళ్లనిస్తారు. బృందాలకు అప్పుడు అనుమతి లేదు. మరునాడు మేమిద్దరమే వెళ్లాము. లోపల మాటలు లేవు, అడుగుల చప్పుడు మాత్రమే ఉంది. నాన్నగారు నా చేయి పట్టుకుని తూర్పు వైపు కొంత దూరం నడిచి, ఒక చోట ఆగి, తల ఎత్తి పైకి చూపించారు. ఒక వరుసలో ఇటుకల అంచులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పక్క వరుసలో అవి లేవు. "ఇక్కడి నుంచి రంగు అమ్మా," అన్నారు.